ఉలి పట్టడం ఫోన్ నేర్పుతుంది.. ధర చెప్పడం ఎవరు నేర్పుతారు?

చెక్క మీదో, రాయి మీదో బొమ్మ చెక్కే చెయ్యి మీకుందా? దాన్నే బతుకుదెరువు చేసుకుంటే ఎలా ఉంటుందని ఎప్పుడైనా అనిపించిందా? గురువు లేకుండా, శిల్పుల ఇంట్లో పుట్టకుండా ఈ పనిలో నిలబడాలంటే ఏమేం కావాలో లెక్కలతో సహా చూద్దాం.

తిరువూరులో విజయవాడ బస్సెక్కితే మైలవరం దాటాక కొండపల్లి వస్తుంది. కోచింగ్‌కనో, ఇంటర్వ్యూకనో ఆ దారిలో మీరు ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో! తెల్ల పొణికి కర్రతో అక్కడ చేసే బొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. దశావతారాలు, ఏనుగు అంబారీ, తాటిచెట్టు, ఎడ్లబండి.. చూడనివాళ్లు ఉండరు. ఆ బొమ్మలు చేసే ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఉలి పట్టడం ఒక్కటే కాదు, ఇంకా చాలా వస్తాయి. కర్ర ఎక్కడ దొరుకుతుంది, ఎంత ఆరాలి, అంబారీ ఎంతకు పోతుంది, ఏ షాపువాళ్లు డబ్బులు సరిగ్గా ఇస్తారు.. ఇవన్నీ అన్నం తింటూ వింటాడు. ఎవరూ పాఠంలా చెప్పరు. చెవిన పడతాయంతే.

తిరువూరులో డిగ్రీ చదువుతూ, ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా చెక్కడం నేర్చుకున్న మీ చెవిన ఆ మాటలు పడవు. చేతిపనిలో అతనికీ మీకూ ఉన్న తేడాను కొన్నేళ్ల సాధనతో తగ్గించుకోవచ్చు. అసలు తేడా ఆ మాటల్లోనే ఉంది. అందుకే 'నేను బాగా చెక్కగలనా?' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకండి. ఇంకో మూడు ప్రశ్నలున్నాయి. సరుకు ఎక్కడ? నా రోజు విలువ ఎంత? కొనేదెవరు? శిల్పుల ఇంట్లో ఉచితంగా దొరికే ఈ మూడు జవాబులనూ మీరు కష్టపడి సంపాదించుకోవాలి.

ఎంబీఏ వదిలేసి శిల్పి అయ్యారట!

అయోధ్యలో 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగిన బాలరాముడి విగ్రహం గుర్తుందిగా? దాన్ని చెక్కింది మైసూరుకు చెందిన అరుణ్ యోగిరాజ్. ఆయన ఎంబీఏ చదివారు, కొంతకాలం ప్రైవేటు ఉద్యోగం చేశారు, తర్వాత పూర్తిగా శిల్పకళలోకి వచ్చేశారు. ఈ కథ చదివి 'నేనూ ఉద్యోగం వద్దనుకుని ఉలి పట్టేస్తా' అనుకునేవాళ్లుంటారు. ఒక్క నిమిషం ఆగండి. అరుణ్‌ది ఐదు తరాలుగా శిల్పాలు చెక్కుతున్న కుటుంబం. తండ్రి శిల్పి, తాత శిల్పి. ఆయన ఉద్యోగం వదిలి వచ్చింది ఖాళీ షెడ్డులోకి కాదు, పనిముట్లూ పరిచయాలూ పేరూ ఉన్న ఇంట్లోకి. మీ ఇంట్లో అవి లేకపోతే ఆయన దారి మీకు సరిపోదు.

మీకు దగ్గరగా ఉండే కథ ఇంకొకటుంది. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే ఆయన ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. శిల్పకళలో చదువూ లేదు, గురువూ లేడు. 1957లో మొదలుపెట్టి డ్యూటీ అయ్యాక రాళ్లు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు ఏరుకొచ్చి, అడవిలాంటి చోట ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేస్తూ పోయారు. అధికారుల కంట పడింది 1975లో. మరుసటి ఏడాది అదే రాక్ గార్డెన్‌గా జనం కోసం తెరుచుకుంది. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ మీరు గమనించాల్సింది పద్మశ్రీని కాదు. అన్నేళ్లూ ఆయనకు నెల జీతం వస్తూనే ఉంది. బొమ్మలు ఆయనకు అన్నం పెట్టాల్సిన అవసరం రాలేదు కాబట్టే నచ్చినట్టు చేయగలిగారు.

చెయ్యి తిరగాలంటే..

కోడ్ రాసేటప్పుడు తప్పు పోతే వెనక్కి వెళ్లొచ్చు. చెక్కకీ, రాయికీ అన్‌డూ బటన్ లేదు. తీసేసిన ముక్క మళ్లీ అతకదు. అందుకే ముందు మట్టితో మొదలుపెట్టండి. మట్టిలో కలపొచ్చు, తీయొచ్చు. ముఖం, చేతివేళ్లు, బట్ట మడతలు మట్టిలో వచ్చాకే చెక్క పట్టండి. ఆ తర్వాత మెత్తటి రాయి. బలపపు రాయి కొత్తవాళ్లకు అనువైంది. నల్లరాయి జోలికి అప్పుడే వెళ్లొద్దు.

మొదట్లో డజను ఉలులు కొనేయకండి. తిన్నటివి రెండు, గుండ్రటివి రెండు, ఒక కొయ్య సుత్తి, ఒక సానరాయి.. ఇవి చాలు. ఉలికి పదును పెట్టడం వచ్చాకే ఐదో ఉలి. మొద్దు ఉలితో ఎక్కువ బలం వాడాల్సొస్తుంది, అప్పుడే జారి చేతికి తగులుతుంది. చెక్కేటప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకాలే ఉండాలి.

చూసి నేర్చుకోవడానికి మన చుట్టుపక్కల ఏం తక్కువ లేదు. బౌద్ధ స్తూపం బయటపడిన జగ్గయ్యపేట మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. విజయవాడలో మొగల్రాజపురం గుహలు, బాపు మ్యూజియం ఉన్నాయి. కృష్ణ దాటితే ఉండవల్లిలో పవళించిన విష్ణుమూర్తి, ఇంకొంచెం వెళ్తే అమరావతి మ్యూజియం. ఫోన్ కెమెరా కాదు, నోట్‌బుక్కూ పెన్సిలూ తీసుకెళ్లండి. ఒక్క శిల్పం ముందు కూర్చుని గంటసేపు గీయండి. ఎంత లోతు తీస్తే ఎంత నీడ పడుతుందో అప్పుడే అర్థమవుతుంది.

ఇక్కడో హెచ్చరిక. గర్భగుడిలో పూజలందుకునే మూలవిరాట్టు చెక్కమని ఎవరైనా అడిగితే తొందరపడి ఒప్పుకోవద్దు. దానికి శిల్పశాస్త్రం చెప్పే తాళమానం ఉంటుంది. అంటే ముఖం పొడవును కొలతగా తీసుకుని మిగతా శరీరమంతా లెక్కగట్టడం. ఆగమ నియమాలూ ఉంటాయి. అది స్థపతుల పని. నేర్చుకున్నాకే దాని దగ్గరకు వెళ్లాలి.

సరుకు ఎక్కడ?

తిరువూరు చుట్టూ మామిడి తోటలే. పాత తోటలు కొట్టేసినప్పుడు వచ్చే మామిడి కలప టేకంత ఖరీదు ఉండదు. చెక్కడానికి బాగానే లొంగుతుంది. కానీ పురుగు తొందరగా పడుతుంది, బూజు మచ్చలొస్తాయి. బాగా ఆరబెట్టి, పురుగు మందు పట్టించాకే వాడాలి. వేప కూడా మంచి కలప. టేకు ముక్కలు కావాలంటే తలుపులు, మంచాలు చేసే వడ్రంగి షెడ్డుల్లో అడగండి. వాళ్లకు పనికిరాని అడుగున్నర ముక్క మీకు ఒక బొమ్మ.

ఏ కలపైనా పచ్చిగా ఉన్నప్పుడు చెక్కితే ఆరేకొద్దీ కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. దుంగ రెండు చివర్లకూ మైనమో, పాత పెయింటో పూసి, గాలి తగిలే నీడలో ఆరబెట్టాలి. కొనుక్కెళ్లిన బొమ్మ ఆర్నెల్లకు పగిలిందంటే ఆ కస్టమర్ మళ్లీ రాడు. ఇంకో నలుగురికి చెబుతాడు కూడా.

కలప ఎప్పుడు కొన్నా బిల్లు తీసుకోండి. కలప కొట్టడానికీ, తరలించడానికీ అటవీ శాఖ నిబంధనలుంటాయి. ఎవరైనా ఎర్రచందనం ముక్క చౌకగా ఇస్తామంటే ఆమడ దూరం ఉండండి. ఆ కేసులో ఇరుక్కుంటే శిల్పం సంగతి దేవుడెరుగు, ఉద్యోగాల దారీ మూసుకుపోతుంది.

రాతిపని నేర్చుకోవాలనుంటే పల్నాడు జిల్లా దుర్గి, నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ వెళ్లి రండి. రెండు చోట్లా రాతి శిల్పాలకు జీఐ గుర్తింపు ఉంది. ఏ రాయి ఏ పనికి పనికొస్తుంది, ఎక్కడి నుంచి తెప్పిస్తారు, లారీ కిరాయి ఎంత.. నాలుగు రోజులు షెడ్డు బయట కూర్చుంటే తెలిసిపోతుంది. వాళ్ల పని వేళల్లో అడ్డం పడకుండా, చిన్న చిన్న పనులకు సాయం చేస్తూ అడిగితే చెబుతారు.

నా రోజు విలువ ఎంత?

ఎక్కువమంది మునిగిపోయేది ఇక్కడే. బొమ్మ బాగుంటుంది, అందరూ మెచ్చుకుంటారు, చేతిలో డబ్బు మాత్రం మిగలదు. ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

రెండడుగుల చెక్క పలక మీద ఒక బొమ్మ. గీత గీయడానికి ఒక రోజు, చెక్కడానికి 6 రోజులు, సాండ్‌పేపర్, పాలిష్‌కు ఒక రోజు. మొత్తం 8 రోజులు. కలపకు రూ.1,500, పాలిష్, పేపర్ వగైరాలకు రూ.700, ప్యాకింగ్, రవాణాకు రూ.800. ఖర్చు రూ.3,000. తెలిసినాయన కదా అని రూ.6,000కు ఇచ్చేశారనుకోండి. మిగిలింది రూ.3,000. ఎనిమిది రోజులకు పంచితే రోజుకు రూ.375. దీనికన్నా కూలి పనికి వెళ్తే ఎక్కువొస్తుంది.

మరి రోజుకు ఎంత వేసుకోవాలి? నెలకు రూ.20,000 కావాలనుకుంటే, 26 పనిదినాలతో భాగించి 'రోజుకు రూ.770 చాలు' అనుకుంటారు. అది తప్పు లెక్క. నెలలో 26 రోజులూ మీరు చెక్కరు. కలప కోసం తిరగడం, కస్టమర్‌తో మాట్లాడటం, డబ్బుల కోసం ఫోన్లు చేయడం, ఉలులకు పదును పెట్టడం, పార్శిల్ పంపడం.. వీటికే ఎనిమిది, పది రోజులు పోతాయి. చెక్కేది 16 రోజులే అనుకుంటే రోజుకు రూ.1,250 రావాలి. అప్పుడు పై బొమ్మ ధర? ఎనిమిది రోజులకు రూ.10,000, ఖర్చు రూ.3,000. మొత్తం రూ.13,000. రూ.6,000కూ రూ.13,000కూ మధ్యే ఉంది హాబీకీ, జీవనోపాధికీ తేడా.

'తిరువూరులో రూ.13,000 ఎవరిస్తారు?' అంటారా? ఎవరూ ఇవ్వకపోతే ధర తగ్గించకండి, రోజులు తగ్గించండి. చిన్న బొమ్మ చేయండి, లోతు తక్కువున్న పని చేయండి. కొండపల్లి బొమ్మను గమనించారా? మొత్తం ఒకే దుంగలోంచి తీయరు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇంజినీరింగ్ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఇది అసెంబ్లీ లైన్! ముక్కలు ఒకేసారి చేసి పెట్టుకుంటే ఒక్కో బొమ్మకు పట్టే సమయం తగ్గుతుంది.

ఈరోజు నుంచే ఓ పని చేయండి. చెక్కిన ప్రతి బొమ్మకూ గంటలు రాసుకోండి. మొదలుపెట్టిన టైమ్, ఆపిన టైమ్. పది బొమ్మలయ్యేసరికి ఎవరైనా ధర అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతారు. సగం డబ్బు అడ్వాన్స్ తీసుకోకుండా ఆర్డర్ బొమ్మ మొదలుపెట్టొద్దు. ఇది అన్నయ్య స్నేహితుడికైనా, బాబాయికైనా ఒకటే రూలు. 'అమ్ముడయ్యాక ఇస్తాం' అనే షాపులో ఒకటీ రెండు బొమ్మలకు మించి పెట్టకండి.

కొనేదెవరు?

ముందుగా ఒక చేదు నిజం. తలుపుల మీద లక్ష్మీదేవి, ఏనుగులు, లతలు ఒకప్పుడు చేత్తోనే చెక్కేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు సీఎన్‌సీ రూటర్ చేస్తోంది. అదే డిజైన్‌ను వంద తలుపుల మీద అచ్చంగా దింపుతుంది. దాంతో వేగంలో పోటీ పడలేరు. పడొద్దు కూడా.

మిషన్‌కు కష్టమయ్యేది ఒక్కటే ఒక్కటి కావాల్సిన పని. పోయిన తాతయ్య ముఖం టేకు చెక్కలో కావాలనే మనవడు. గుడిలో విరిగిపోయిన గరుడ వాహనం ముక్కు, రథం మీద ఊడిపోయిన చెక్క బొమ్మ బాగు చేయించాలనే కమిటీ. గృహప్రవేశానికి పేరు చెక్కిన బోర్డు కావాలనే కుటుంబం. రిటైరయ్యే మాస్టారికి శాలువాతో పాటు జ్ఞాపిక ఇవ్వాలనే స్కూలు. స్కూలుకు సరస్వతి, చర్చికి శిలువ. మొదటి రెండేళ్లు మీకు అన్నం పెట్టేవి ఇవే. మీ మనసులో ఉన్న ఆరడుగుల నటరాజు కొన్నాళ్లు ఆగొచ్చు.

మిషన్‌ను శత్రువులా చూడక్కర్లేదు కూడా. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో బొమ్మ నమూనా చేసి, చెక్కే ముందే కస్టమర్‌కు ఫోన్‌లో చూపించొచ్చు. 'ముక్కు కొంచెం పొడుగుండాలి బాబూ' అనే మాట చెక్క పాడవకముందే వస్తుంది. కావాలంటే అవసరం లేని చెక్కను సీఎన్‌సీ షాపులో తీయించుకుని, చివరి పని మీరు చేత్తో చేయొచ్చు. అలా చేస్తే ఆ సంగతి కస్టమర్‌కు చెప్పండి. చేతిపని పేరుతో మిషన్ పని అమ్మితే ఒకసారే అమ్మగలరు. డిగ్రీ, బీటెక్ చదివిన మీకు కలిసొచ్చేది ఇక్కడే. ఫొటో తీయడం, కొటేషన్ రాయడం, ఆన్‌లైన్‌లో పెట్టడం మీకు కొత్త కాదుగా!

కొనేవాళ్లను వెతకడం కూడా కళేనని చెప్పడానికి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకే సాక్ష్యం. అక్కడ అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. సీవీ రాజు అక్కడి కళాకారులను కూడగట్టి, సహజ రంగులపై ప్రయోగాలు చేశారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులంటే కొనేవాళ్లు మారతారు, మార్కెట్ మారుతుంది. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ బొమ్మల గురించి మాట్లాడారు. 2023లో రాజుకు పద్మశ్రీ ప్రకటించారు. అంకుడు కర్ర అదే, లేత్ మీద తిప్పడం అదే. మారింది రంగు, దాంతో పాటు కొనే మనిషి.

ఊపిరి జాగ్రత్త

దీన్ని చదవకుండా దాటేయొద్దు. గ్రానైట్‌లో, ఇసుకరాయిలో సిలికా ఉంటుంది. గ్రైండర్ పెట్టినప్పుడు లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. కనిపించే దుమ్ము కన్నా కంటికి కనిపించని దుమ్మే ప్రమాదం. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. వీలైనంత వరకు రాయిని నీళ్లతో తడుపుతూ కోయాలి. అయితే మామూలు కరెంటు గ్రైండర్‌పై నీళ్లు పోస్తే షాక్ కొడుతుంది, తడి పనికి తయారైన మిషనే వాడాలి. చెక్క పొడి కూడా మంచిది కాదు. పడుకునే గదిలో చెక్కడం, పాలిష్ పట్టడం చేయకండి. మాస్కుల ఖర్చునూ బొమ్మ ధరలో కలపండి.

అప్పు, స్కీములు

కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగులు, శిల్పులు, రాతి చెక్కేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు అందులో ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 స్టైపెండ్, పనిముట్లకు రూ.15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట రూ.లక్ష, అది సక్రమంగా కడితే రూ.2 లక్షల వరకు రుణం. 18 ఏళ్లు నిండాలి, కుటుంబంలో ఒక్కరికే, ప్రభుత్వోద్యోగి కుటుంబానికి వర్తించదు. అప్పటికే ఆ పని చేస్తూ ఉండాలి. 'నేర్చుకుందామనుకుంటున్నా' అంటే కుదరదు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ముద్ర లాంటి రుణం తీసుకుని తీర్చకుండా ఉంటే దీనికి అర్హత పోతుంది. కాబట్టి ఏది ముందు తీసుకోవాలో ఆలోచించుకోండి. రెండోది, రూ.లక్షను 18 నెలల్లో కట్టాలంటే నెలకు దాదాపు రూ.5,800. ఆర్డర్లు లేని నెలలో కూడా అది కట్టాల్సిందే. ఆరు నెలలు వరుసగా అంతకు రెట్టింపు మిగిలాకే అప్పు గురించి ఆలోచించడం మేలు.

మేళాల్లో స్టాల్ కావాలంటే హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే 'పెహచాన్' ఆర్టిజన్ కార్డు ఉపయోగపడుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి డబ్బులడిగే మధ్యవర్తులను నమ్మొద్దు.

చదివి నేర్చుకోవాలంటే..

సొంతంగా నేర్చుకున్నంత మాత్రాన చివరిదాకా ఒంటరిగానే ఉండాలనేం లేదు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీవేంకటేశ్వర సంప్రదాయ శిల్ప కళాశాలలో పదో తరగతి అర్హతతోనే డిప్లొమా చేయొచ్చు. రాతి, కొయ్య, లోహ, సుధ శిల్పాలకు వేర్వేరు విభాగాలున్నాయి. ఆధునిక శిల్పకళ వైపు వెళ్లాలంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఫైన్ ఆర్ట్స్ కోర్సులున్నాయి. అర్హతలు, తేదీలు ఆయా సంస్థల తాజా నోటిఫికేషన్లలో చూసుకోండి.

ఇంట్లో ఏం చెప్పాలి?

'ఇంత చదివించింది చెక్కలు చెక్కుకోవడానికా?' నాన్న అడుగుతారు. ఆయన కోపం వెనక ఉన్నది భయం. ఆ భయానికి 'ఇది నా ప్యాషన్' అన్నది జవాబు కాదు. లెక్కే జవాబు.

ఇంట్లో రెండేళ్ల ఒప్పందం చేసుకోండి. డిగ్రీ పూర్తి చేస్తాను. ఏదో ఒక ఉద్యోగం, పార్ట్‌టైమ్ అయినా సరే, చేస్తూనే ఉంటాను. ఉదయం రెండు గంటలు, ఆదివారం పూర్తిగా చెక్కుతాను. ప్రతి బొమ్మకూ ఖర్చు, గంటలు, వచ్చిన డబ్బు ఓ పుస్తకంలో రాస్తాను, ఎప్పుడడిగినా చూపిస్తాను. రెండేళ్లయ్యేసరికి వరుసగా ఆరు నెలలు చెక్కిన గంటకు ఉద్యోగంలో గంటకొచ్చే జీతమంతైనా వస్తే, తెలియనివాళ్ల నుంచి కూడా ఆర్డర్లు వస్తుంటే, అప్పుడు పూర్తిగా ఇటు వస్తాను. రాకపోతే ఉద్యోగంలోనే ఉంటాను, బొమ్మలు సాయంత్రాలకు ఉంటాయి.

ఈ రెండింట్లో ఏది జరిగినా మీరు ఓడిపోయినట్టు కాదు. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి నాలుగు మంచి బొమ్మలు చెక్కే మనిషి కూడా శిల్పే. కానీ లెక్క రాయకుండా దిగితే అప్పూ మిగులుతుంది, చెక్కడం మీద విరక్తీ మిగులుతుంది. ఆ రెండోదే పెద్ద నష్టం.

వచ్చే ఆదివారం ఓ పని చేయండి. మీ ఊళ్లో వడ్రంగి షెడ్డుకు వెళ్లి ఒక టేకు ముక్క అడగండి. దాని ధర పుస్తకంలో మొదటి లైనుగా రాయండి. రెండో లైనులో మీరు ఉలి పట్టిన టైమ్ రాయండి.